తపాలా సమ్మె నోటీసు వస్తే... పార్సెల్ అమ్మే రైతు ఏం చేయాలి?

మిర్చి బస్తా ఎనుమాముల మార్కెట్‌కు చేరిందంటే ఆ రోజు పలికిన ధరకు అమ్ముకుని రావడం తప్ప రైతుకు మరో దారి ఉండదు. అందుకే మన జిల్లాలో కొందరు చిన్న రైతులు, పొదుపు సంఘాల మహిళలు పంటలో కొంత భాగాన్ని ఇంట్లోనే ఉంచుకుంటున్నారు. ఎండుమిర్చిని కారం పట్టిస్తున్నారు. పసుపు కొమ్ములు ఆడిస్తున్నారు. కందులు పప్పు చేయిస్తున్నారు. ఫోనులో ఫొటో పెట్టి, అడిగినవారికి కిలో, రెండు కిలోల చొప్పున పార్సెల్ పంపుతున్నారు. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చాక దాని పేరు దూరప్రాంతాల వారికీ తెలిసింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ కాబట్టి పచ్చళ్లకు దీన్ని కోరి అడుగుతారు.

ఈ అమ్మకం అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. సరకు చెప్పిన రోజుకు చేరుతుందన్నదే ఆ నమ్మకం. పల్లె నుంచి పార్సెల్ పంపాలంటే దగ్గరగా ఉండేది తపాలా కార్యాలయమే. దేశంలో 1,64,000కు పైగా తపాలా కార్యాలయాలుంటే వాటిలో ప్రతి పదింటికీ ఎనిమిదికి పైగా పల్లెల్లోనే ఉన్నాయి. మరి ఆ తపాలా సమ్మె వార్త పేపర్లో కనబడితే మీరేం చేయాలి?

2018లో ఏం జరిగింది?

2018 మే 22న గ్రామీణ డాక్ సేవకులు దేశవ్యాప్తంగా నిరవధిక సమ్మెకు దిగారు. జీతభత్యాలపై కమలేష్ చంద్ర కమిటీ 2016లో ఇచ్చిన సిఫారసులను అమలు చేయాలన్నది వారి డిమాండ్. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం ఆ సిఫారసుల మేరకు జీతభత్యాల పెంపును ఆమోదించింది. సమ్మె 16 రోజులు సాగింది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు రోహిణి కార్తె అంతా పల్లె తపాలా ఆగిపోయింది. 2023 డిసెంబరు 12న డాక్ సేవకులు మళ్లీ సమ్మెకు దిగారు. మధ్యలో 2022 ఆగస్టు 10న తపాలా సంఘాలు ప్రైవేటీకరణను వ్యతిరేకిస్తూ ఒకరోజు సమ్మె చేశాయి.

రోహిణి కార్తెలో సమ్మె వస్తే నష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. మీరు 30 పార్సెళ్లు పంపారనుకుందాం. ఒక్కొక్కటి 600 రూపాయలు. అన్నీ సరకు అందాకే డబ్బు కట్టే పద్ధతిలో పంపారు. సమ్మె వల్ల అవి దారిలో ఆగితే 18 వేల రూపాయలు ఇరుక్కున్నట్టే. సరిగ్గా పత్తి గింజలు, ఎరువులు కొనాల్సిన రోజులవి. సరకు పాడు కాకపోయినా చేతిలో పైసలు ఉండవు. చిన్న రైతుకు అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది.

మొదట తెలుసుకోవాల్సింది: సమ్మె చేసేదెవరు?

తపాలా సమ్మె అనగానే అంతా బంద్ అనుకోవద్దు. సమ్మెలు అన్నీ ఒక్క తీరుగా ఉండవు. వార్త చదివినప్పుడు మూడు సంగతులు చూడండి.

ఒకటి, సమ్మె చేసేది గ్రామీణ డాక్ సేవకులా, పట్నం పోస్టాఫీసుల్లో పనిచేసే శాఖ ఉద్యోగులా, లేక అందరూ కలిసా? రెండు, ఒక్కరోజు సమ్మెనా, నిరవధికమా? మూడు, మొదలయ్యే తేదీ ఏది?

పార్సెల్ ప్రయాణంలో మూడు మజిలీలు ఉంటాయి. తీసుకోవడం, మోసుకెళ్లడం, ఇంటికి చేర్చడం. డాక్ సేవకుల సమ్మె అయితే మీ ఊరి బ్రాంచి పోస్టాఫీసు మూతపడుతుంది. కానీ వరంగల్, హన్మకొండ హెడ్ పోస్టాఫీసుల్లో శాఖ ఉద్యోగులు ఉంటారు. అక్కడికి తీసుకెళ్లి, హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల చిరునామాకు పంపితే చేరే వీలుంటుంది. అదే పార్సెల్ మరో పల్లెకు వెళ్లాలంటే చివరి మజిలీలో ఆగిపోతుంది. శాఖ ఉద్యోగులే సమ్మె చేస్తే మూడు మజిలీలూ దెబ్బతింటాయి. కాబట్టి మీ ఆర్డర్లను నగరం చిరునామాలు, పల్లె చిరునామాలు అని ముందే విడదీసి పెట్టుకోండి.

నోటీసు గడువును వాడుకోండి

సమ్మె చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. తపాలా వంటి ప్రజోపయోగ సేవల్లో నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మె చేయరాదని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ 14 రోజుల గడువు ఉంది. చాలాసార్లు చర్చలు జరిగి సమ్మె వాయిదా పడుతుంది కూడా. అయినా వాయిదా పడుతుందిలే అని కూర్చోవద్దు. వాన వస్తుందో రాదో తెలియకపోయినా కల్లంలో మిర్చి మీద పరదా కప్పుకుంటాం కదా, ఇదీ అంతే.

ఈ గడువులో చేయాల్సిన పనులు:

మొదటి రెండు రోజులు: దారిలో ఉన్న పార్సెళ్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. పేరు, ఊరు, పంపిన తేదీ, రావాల్సిన డబ్బు, రసీదు మీది 13 అక్షరాల నంబరు వరుసగా ఉండాలి. రసీదులు పారేయవద్దు.

మూడో రోజు: ఆఖరి తేదీ లెక్క కట్టండి. సమ్మె మొదలయ్యేలోగా పార్సెల్ పోస్టాఫీసులో ఇస్తే చాలదు, కొన్నవారి చేతికి చేరాలి. ఇదివరకు పంపిన పది పార్సెళ్లు ఎన్ని రోజుల్లో చేరాయో మీ పుస్తకంలో చూడండి. వాటిలో అన్నింటికన్నా ఆలస్యమైన దాన్ని లెక్కకు తీసుకుని మరో రెండు రోజులు కలపండి. ఉదాహరణకు చెన్నైకి ఎక్కువలో ఎక్కువ ఐదు రోజులు పట్టిందనుకోండి. సమ్మెకు వారం ముందే చెన్నై పార్సెళ్లు ఆపేయాలి. దూరం ఊళ్లకు ముందు, దగ్గర ఊళ్లకు తర్వాత పంపండి.

ఆ తర్వాత: ఆఖరి తేదీ దాటాక వచ్చిన ఆర్డరు ఏదైనా తపాలాకు ఇవ్వవద్దు. వేరే దారిలో పంపడమో, ఆపడమో తేల్చుకోండి.

వేరే దారులు ఏవి?

ఆర్టీసీ కార్గో: మన ఆర్టీసీ 2020 జూన్‌లో పార్సెల్ సేవ మొదలుపెట్టింది. వరంగల్, హన్మకొండ బస్టాండ్లలో కౌంటర్లున్నాయి. సాధారణంగా బస్టాండు నుంచి బస్టాండుకు చేరుస్తారు. కొన్నవారే వెళ్లి తెచ్చుకోవాలి. హైదరాబాదులో 2024 అక్టోబరులో ఇంటికి చేర్చే సేవ కూడా ప్రారంభించారు. మీ చిరునామాకు ఆ సేవ ఉందో లేదో కౌంటరులో అడగండి. ఒకే ఊళ్లో నలుగురైదుగురు కొనేవారుంటే అందరి సరకు ఒకే పెట్టెలో వేసి, వారిలో ఒకరి పేరున పంపితే ఖర్చు తగ్గుతుంది. అయితే ఆర్టీసీ కూడా ఎప్పుడూ నడుస్తుందని అనుకోలేం. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె నవంబరు 25 దాకా సాగిన సంగతి మరవొద్దు.

ప్రైవేటు కొరియర్: నగరాలకు బాగానే చేరుస్తారు. పల్లె చిరునామాలకు అందరూ వెళ్లరు. పిన్‌కోడ్ చెప్పి, ఇంటి దాకా ఇస్తారా, మధ్యలో మండల కేంద్రంలో తీసుకోవాలా అని అడగండి. కిలోకు ఎంత, అర కిలో పెరిగితే ఎంత అన్నది రాయించుకోండి.

ట్రాన్స్‌పోర్టు: పది, ఇరవై కిలోలకు మించిన సరకు ఒకే దుకాణానికి వెళ్లేదైతే ఇది మేలు. కిలో రెండు కిలోల పొట్లాలకు గిట్టుబాటు కాదు.

ఈ దారుల్లో ఒకదానినైనా సమ్మె లేని రోజుల్లోనే ఒకటి రెండు పార్సెళ్లు పంపి చూసి పెట్టుకోండి. సమ్మె రోజున కొరియర్ వాడి కోసం వెతకడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. కెనడాలో 2024 నవంబరు 15న సుమారు 55 వేల మంది తపాలా సిబ్బంది సమ్మెకు దిగారు. క్రిస్మస్ గిరాకీ కాలంలో డిసెంబరు 17 దాకా తపాలా నడవలేదు. ఇంటి నుంచి చిన్న సరకులు అమ్ముకునేవారు ప్రైవేటు కొరియర్ల మీద పడ్డారు. రద్దీ తట్టుకోలేక రెండు పెద్ద కొరియర్ సంస్థలు కొందరి నుంచి పార్సెళ్లు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేశాయి. దేశం ఏదైనా సమ్మె రోజుల్లో జరిగేది ఇదే. అందరూ ఒకే గేటు దగ్గరకు ఉరుకుతారు.

ఏది పంపాలి, ఏది ఆపాలి?

పార్సెల్ పది పదిహేను రోజులు ఏ గోదాములోనో పడి ఉంటే తట్టుకుంటుందా అని ప్రశ్నించుకోండి. బాగా ఎండిన మిర్చి, పసుపు, పప్పు తట్టుకుంటాయి. మిర్చిలో తేమ పది శాతానికి మించకుండా ఉండాలి. తేమ ఉంటే బూజు పట్టి, రంగు మారి తాలు కాయలా కనబడుతుంది. కారం, పసుపు పొడి గాలి చొరబడని మందం కవరులో వేసి, దాన్ని మరో కవరులో పెట్టి, ఆపైన అట్టపెట్టెలో సర్దండి. బెల్లం తేమను పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో సమ్మె భయం ఉంటే బెల్లం ఆపడమే మంచిది. పచ్చళ్లు, నూనె, తేనె సీసాలు దారిలో మూటల కింద నలిగితే కారతాయి. పక్క పార్సెళ్లనూ పాడుచేస్తాయి. వాటిని పంపవద్దు. మామిడి పండ్లు, కూరగాయల మాట సరేసరి. వాటిని సమ్మెకు ముందు వారంలో తపాలాకు అప్పగించవద్దు.

సమ్మె వల్ల ఆలస్యమై సరకు పాడైతే తపాలా శాఖ నుంచి ఆ సరకు విలువ వస్తుందని లెక్క వేసుకోవద్దు. పాత 1898 చట్టంలోనూ, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టంలోనూ శాఖ బాధ్యతకు పరిమితులున్నాయి. ఆ నష్టం మీదే అవుతుంది.

డబ్బు విషయంలో జాగ్రత్త

సరకు ఇచ్చి డబ్బు తీసుకునే పద్ధతి కొత్తది కాదు. పుస్తకాలు, మందులు తెప్పించుకోవడానికి పెద్దలు వాడిన వీపీపీ ఇదే. పార్సెల్ ఆగితే డబ్బూ ఆగడం ఇందులోని చిక్కు. నోటీసు వచ్చిన నాటి నుంచి ఈ పద్ధతిలో కొత్త పార్సెళ్లు పంపవద్దు. పాత ఖాతాదారులను ఫోన్ ద్వారా ముందే డబ్బు వేయమని అడగండి. కొత్తవారు నమ్మకపోతే సగం ముందు, సగం సరకు అందాక అనండి. అదీ కుదరకపోతే సమ్మె అయ్యాకే పంపండి. ముందే డబ్బు తీసుకుని పంపలేకపోయారా? ఎదుటివారు అడిగితే అదే రోజు వాపసు ఇవ్వండి. అందుకే సమ్మె రోజుల్లో వచ్చిన అడ్వాన్సును వేరే ఖర్చులకు వాడొద్దు.

కొన్నవారికి మీరే ముందు చెప్పండి

వారు ఫోన్ చేసి అడిగేదాకా ఆగితే అది సాకులా వినిపిస్తుంది. మీరే ముందు చెబితే మర్యాదగా ఉంటుంది. మాట ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. ఫలానా తేదీ నుంచి తపాలా సమ్మె అంటున్నారు. మీ రెండు కిలోల కారం మా దగ్గర భద్రంగా ఉంది. సమ్మె అయ్యాక పంపమంటారా, ఆర్టీసీ కార్గోలో మీ బస్టాండుకు పంపమంటారా, లేక డబ్బు వాపసు చేయమంటారా? మీరెలా చెబితే అలా చేస్తాం."

ఎప్పటికి చేరుతుందో తెలియనప్పుడు తేదీ చెప్పవద్దు. తప్పిన తేదీ కన్నా "సమ్మె ముగిశాక చెబుతాను" అన్న మాటే నయం.

సమ్మె ముగిశాక

మర్నాడే అంతా మామూలు కాదు. పోగుపడిన సంచులు ముందు కదలాలి. రెండు మూడు రోజులు ఆగి, కొద్దికొద్దిగా పంపండి. పాత పార్సెళ్ల నంబర్లు పోస్టాఫీసులో గానీ ఫోనులో గానీ చూసుకోండి. ఆలస్యమైందని తొందరపడి అదే సరకు మళ్లీ పంపితే రెండూ చేరతాయి. ఒకదాని ఖర్చు మీ మీద పడుతుంది. తిరిగొచ్చిన పార్సెల్‌ను విప్పి, వాసన, రంగు చూడకుండా ఇంకొకరికి పంపవద్దు.

మరో మాట. సమ్మె చేసే డాక్ సేవకుడు వేరెవరో కాదు, మీ ఊరివాడే. మీ పార్సెల్ తూకం వేసి, సైకిల్ మీదో బండి మీదో బరువు మోసేది ఆయనే. 2018 పెంపు తర్వాత కూడా రోజుకు నాలుగు గంటల పనికి డాక్ సేవకుడి మూల భత్యం 10 వేల రూపాయల దగ్గర, బ్రాంచి పోస్ట్‌మాస్టరుది 12 వేల దగ్గర మొదలవుతుంది. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కిన రైతుకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు. ఆయనతో తగువు పెట్టుకుంటే మీ పార్సెల్ కదలదు. ఈసారి ఊళ్లో కలిసినప్పుడు "సమ్మె ఉందా, ఎప్పటి నుంచి?" అని అడగండి. పేపర్లో రావడానికి ముందే ఆయన దగ్గర కబురు ఉంటుంది. ఆ రోజు నుంచే మీ లెక్క మొదలుపెట్టండి.