కదలకూడదు, కానీ పెరగాలి

మాది పావగడ తాలూకాలో ఒక పల్లె. చిన్నప్పుడు మా అవ్వ గంపలో ఇసుక పోసి, గుడ్లు పెట్టి, కోడిని పొదగేసేది. 21 రోజులు ఆగలేక నేను ఒక గుడ్డుకు బొగ్గుతో గుర్తు పెట్టి, రోజూ తీసి టార్చి వెలుగులో చూసేదాన్ని. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించేవి. మిగతావన్నీ పిల్లలయ్యాయి, నా గుడ్డు మాత్రం మురిగిపోయింది. "దినామూ ఎత్తి చూస్తే అదెట్ల పిల్లయితాది మే?" అనింది అవ్వ.

మొన్న హాస్టల్లో బీఎస్సీ చదివే మా రూమ్మేట్ జీబ్రాఫిష్ పిండం పెరిగే వీడియో చూపించినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. అంతసేపు చూస్తున్నా అది చావకుండా ఎట్లా పెరిగింది? ఆమెను అడిగి, చదివి తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాను.

జీబ్రాఫిష్ మన దేశపు వాగుల్లో ఉండే చారల చిన్న చేప. హైదరాబాదు సీసీఎంబీలో, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో దీనిపై పరిశోధనలు జరుగుతున్నాయి. గుడ్డు దాదాపు ఒక మిల్లీమీటరంత ఉంటుంది. లోపలి పిండం అద్దంలా తేటగా ఉంటుంది. దాదాపు 24 గంటలకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. మైక్రోస్కోపు కింద కొన్ని నిమిషాలకొకటి చొప్పున గంటల తరబడి ఫొటోలు తీసి వరుసగా కలిపితే టైమ్‌లాప్స్ వీడియో అవుతుంది.

చిక్కేమిటంటే, పిండం కదిలితే ఫొటో చెదిరిపోతుంది. అందుకే గుడ్డు పైపొర ఒలిచి, పిండాన్ని అగరోజ్ జెల్లీలో పెడతారు. ఇది సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం, మన చైనా గ్రాస్ లాంటిదే. వేడిగా పోస్తే పిండం ఉడికిపోతుంది. గోరువెచ్చగా పోసి, గట్టిపడేలోపే సన్నని వెంట్రుక కొసతో పిండాన్ని కావలసిన వైపుకు తిప్పుతారు. పైన నీళ్లు పోసి, 28.5 డిగ్రీల వేడిలో ఉంచుతారు. తోక విదిలించకుండా కొంచెం మత్తుమందు కలుపుతారు.

కానీ పిండం రాయి కాదు కదా, తోక సాగుతూనే ఉంటుంది. జెల్లీ బిగిస్తే తోక వంకరపోతుంది. చూసేవాళ్లు అది పిండంలోని లోపమే అనుకుంటారు. నిజానికి అది మనం పెట్టిన వంకర. అందుకే జెల్లీ పలచగా కలుపుతారు, లేదంటే తలను పట్టి ఉంచి తోక చుట్టూ జెల్లీని కోసి తీసేస్తారు. వెలుగు ఎక్కువైనా కణాలు దెబ్బతింటాయి కాబట్టి ఫొటో తీసే క్షణంలోనే దీపం వేస్తారు.

ఇంత చేసినా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. అదే ఈనిన గుడ్లలో కొన్నిటిని ముట్టకుండా వేరే గిన్నెలో పెంచుతారు. చివర్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకే తీరుగా పెరిగితేనే ఆ వీడియోను నమ్మొచ్చు.

మా అవ్వ గంపలోనూ నేను ముట్టని గుడ్లున్నాయి. నా తప్పు నాకు చెప్పినవి అవే.