ఫ్రాంకులు నది దాటిన చోట

*విమానం మారే ఊరుగానే మనకు తెలిసిన ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రోజంతా కాలినడకన*

హైదరాబాద్‌లో అర్ధరాత్రి విమానం ఎక్కి అమెరికా వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఫ్రాంక్‌ఫర్ట్ అంటే పొడవాటి నడవాలు, భద్రతా తనిఖీలు, గేటు నంబర్ల వెతుకులాట. పిల్లల దగ్గరికి బయల్దేరిన అమ్మానాన్నలు అక్కడ రెండు మూడు గంటలు కూర్చుంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పుకొని తిని, తర్వాతి విమానం ఎక్కేస్తారు. అసలు ఊరు లోకల్ రైల్లో పావుగంట దూరంలోనే ఉంటుంది. షెంజెన్ వీసా ఉండి, ప్రయాణంలో ఒక రోజు ఆగగలిగితే ఆ రైలెక్కి హాప్ట్‌వాఖె స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఇక ఏ బండీ అక్కర్లేదు.

ఈ ఊరి పేరులోనే నడక ఉంది. జర్మన్‌లో 'ఫుర్ట్' అంటే నదిని నడిచి దాటగలిగేంత లోతు తక్కువ ఉన్న చోటు. ఫ్రాంకులనే జాతి మైన్ నదిని దాటిన చోటు కాబట్టి ఫ్రాంక్‌ఫుర్ట్. శత్రువులు తరుముకొస్తుంటే, పొగమంచులో దారి తెలియక ఒడ్డున నిలిచిపోయిన షార్లమేన్ చక్రవర్తి సేనకు ఒక లేడి నదిలో నడిచి వెళ్తూ దారి చూపిందని ఊరివాళ్లు కథ చెబుతారు. లేడి సంగతి కథే అయినా, చక్రవర్తి ఇక్కడికి వచ్చిన మాట నిజం. క్రీ.శ. 794లో ఆయన ఇక్కడ జరిపిన మతసభ కాలపు పత్రాల్లోనే ఈ ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది.

ముందు పైనుంచి ఒక చూపు

హాప్ట్‌వాఖె నుంచి పడమరగా ఏడెనిమిది నిమిషాలు నడిస్తే మైన్ టవర్. ఎత్తు 200 మీటర్లు. బ్యాంకుల ఆకాశహర్మ్యాలు వరుసకట్టి నిలబడ్డ ఈ నగరంలో సందర్శకులను పైకప్పు మీదికి అనుమతించే టవర్ ఇది. లిఫ్టు దిగి బయటికి అడుగుపెడితే ముందు గాలి ముఖాన కొడుతుంది, తర్వాత ఊరు కనిపిస్తుంది. మైన్ నది పేరునీ న్యూయార్క్ మాన్‌హట్టన్‌నీ కలిపి జర్మన్లు దీన్ని ముద్దుగా 'మైన్‌హాటన్' అంటారు.

పక్కనే కామర్జ్‌బ్యాంక్ టవర్. 259 మీటర్ల ఈ భవనం జర్మనీలోకెల్లా ఎత్తైనది. బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ రూపకల్పనలో 1997లో పూర్తయింది. ముక్కోణపు భవనం మధ్యభాగాన్ని ఖాళీగా వదిలి, నాలుగేసి అంతస్తుల ఎత్తున తొమ్మిది తోటలు పెంచారు. లోపల పనిచేసేవాళ్లు కిటికీ తెరుచుకుని బయటి గాలి పీల్చుకోవచ్చు. ముప్పై ఏళ్ల కిందట ఆకాశహర్మ్యంలో ఇది కొత్త ఆలోచన.

ఇప్పుడు కిందికి చూడండి. టవర్ల పాదాల దగ్గర మొదలై పాత ఊరి చుట్టూ పచ్చటి పార్కుల వలయం ఒకటి సాగుతుంది. అది ఒకప్పటి కోటగోడ జాడ. 19వ శతాబ్దం మొదట్లో గోడను పడగొట్టి, ఆ స్థలాన్ని తోటలుగా మార్చారు. 1827లో చట్టం తెచ్చి అక్కడ కట్టడాలకు హద్దులు పెట్టారు. ఆ వలయంలోపల, నదికి చేరువగా, నల్లటి పలకరాయి పరిచిన ఏటవాలు కప్పుల గుంపు కనిపిస్తుంది. మధ్యలో ఎర్రరాతి గోపురం. ఇదే మధ్యయుగపు పాత పట్నమని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఆ ఇళ్లలో చాలా వాటికి మన కాలి కింద ఉన్న టవరంత వయసు కూడా లేదు. వాటిని మళ్లీ ఎందుకు కట్టారో తెలుసుకోవడానికే ఈ నడక.

కవి పుట్టిన ఇల్లు

టవర్ దిగి పది నిమిషాలు నడిస్తే గోథే ఇల్లు. జర్మన్ మహాకవి గోథే 1749 ఆగస్టు 28న ఇక్కడే పుట్టాడు. వంటగది, సంగీతం గది, తండ్రి పుస్తకాల గది, పై అంతస్తులో గోథే రాసుకున్న బల్ల వరుసగా చూస్తూ వెళ్తాం. మెట్లు కిర్రుమంటాయి.

గోథే 1832 మార్చి 22న కన్నుమూశాడు. సరిగ్గా 112 ఏళ్ల తర్వాత, 1944 మార్చి 22 రాత్రి, మిత్రదేశాల బాంబులకు ఈ ఇల్లు నేలమట్టమైంది. సామాన్లు ముందే వేరేచోట దాచడంతో అవి మిగిలాయి. ఊరంతా తలదాచుకునే చోటు లేక అల్లాడుతున్న రోజుల్లో ఈ ఇంటిని మళ్లీ కట్టాలా వద్దా అన్న వాదన రేగింది. మ్యూజియం డైరెక్టర్ ఎర్నెస్ట్ బ్యూట్లర్ ఉన్నదున్నట్టుగా కట్టి తీరాలన్నాడు. రచయిత వాల్టర్ డిర్క్స్ వద్దన్నాడు. ఈ ఇల్లు ఊరికే కూలలేదు, నాజీల చరిత్ర దీన్ని కూల్చింది, ఆ నిజాన్ని కొత్త గోడలతో కప్పేయకూడదన్నది ఆయన వాదన. చివరికి బ్యూట్లర్ మాటే నెగ్గి, 1951 నాటికి ఇల్లు లేచింది. ఇద్దరిలో తప్పెవరిదో చెప్పడం కష్టం. గడప దాటేటప్పుడు ఇద్దరి మాటలూ గుర్తుంటే చాలు.

మనవాళ్లు ఇక్కడ కాసేపు ఆగడానికి మరో కారణం ఉంది. కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం'ను విలియం జోన్స్ 1789లో ఇంగ్లిష్‌లోకి తెస్తే, దాన్ని గేయోర్గ్ ఫోర్‌స్టర్ 1791లో జర్మన్‌లోకి మార్చాడు. అది చదివి గోథే పరవశించి, శకుంతల మీద పద్యం రాశాడు. ఆయన 'ఫౌస్ట్' నాటకం మొదట్లో రంగస్థలం మీదే జరిగే సంభాషణకు మన నాటకాల్లోని ప్రస్తావనే ప్రేరణ అంటారు. కణ్వాశ్రమం లేడిపిల్ల ఇంత దూరం వచ్చింది.

ఏడు ఆకుల పచ్చసాస్

ఈపాటికి ఆకలి వేస్తుంది. అయిదు నిమిషాల నడకలో క్లైన్‌మార్క్ట్‌హాలె, అంటే 'చిన్న బజారు'. 1954లో కట్టిన ఈ కప్పు కింద నూట యాభైకి పైగా దుకాణాలు. జున్ను, రొట్టె, సాసేజ్‌లు, పండ్లు, ఆలివ్‌లతో పాటు ఆసియా దేశాల మసాలా దినుసులూ దొరుకుతాయి. ఆదివారం మాత్రం మూత, ఆ ఒక్కటి చూసుకుని వెళ్లాలి.

ఇక్కడ అడిగి తినవలసింది 'గ్రూనె సోసె', పచ్చసాస్. తెల్ల కాగితంలో చుట్టిన ఆకుకూరల కట్ట ఒకటి అమ్ముతారు. అందులో పార్స్లీ, చైవ్స్ లాంటి ఏడు రకాల ఆకులుంటాయి. సన్నగా తరిగి, పుల్లటి మీగడలో కలిపి, ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలతో చల్లగా తింటారు. నోట్లో పెట్టుకోగానే మనకు తెలిసిన పులుపేదో తగులుతుంది. ఆ ఏడింటిలో ఒకటైన సోరెల్ మన చుక్కకూర జాతిదే. గుంటూరు పప్పులోనూ ఫ్రాంక్‌ఫర్ట్ సాస్‌లోనూ పులుపు పని ఒకే కుటుంబపు ఆకులు చేస్తున్నాయి.

పట్టాభిషేకాల దారి

బజారు నుంచి నది వైపు నడిస్తే గుండ్రటి పౌల్స్‌కిర్ఖె చర్చి. 1848 మే 18న జర్మన్ ప్రజలు ఎన్నుకున్న తొలి జాతీయ సభ ఇక్కడే సమావేశమైంది. ఆ సభ ఏడాదికే చెదిరిపోయినా, అది రాసిన పౌరహక్కులు తర్వాతి రాజ్యాంగాలకు పునాది అయ్యాయి. బాంబులకు కాలిన ఈ చర్చిని సభ శతజయంతి నాటికి, 1948లో, తిరిగి కట్టారు. గోథే ఇంటిలా పాత రూపానికి మాత్రం తీసుకురాలేదు. అలంకారమేమీ లేకుండా తెల్లటి గోడలతో వదిలేశారు. ఓడి, తల వంచుకున్న దేశానికి ఆ నిరాడంబరతే తగినదనుకున్నారు. యుద్ధం తర్వాత 1949లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన మళ్లీ మొదలైంది కూడా ఈ కప్పు కిందే. ఇప్పుడు ఏటా అక్టోబరులో ప్రపంచమంతా వచ్చే ఆ ప్రదర్శనకు భారతదేశం 1986లో, 2006లో గౌరవ అతిథి.

రోడ్డు దాటితే రోమర్‌బెర్గ్ చౌరస్తా. మెట్లమెట్లుగా లేచిన మూడు ముఖభాగాల భవనం రోమర్. 1405లో కొన్న నాటి నుంచి అదే నగరపాలక సంస్థ కార్యాలయం. మధ్యలో న్యాయదేవత ఫౌంటెన్. ఈ దేవత కళ్లకు గంతలు లేవు, రోమర్ వైపే చూస్తూ ఉంటుంది. 1356 నుంచి పవిత్ర రోమన్ చక్రవర్తుల ఎన్నిక సాధారణంగా ఈ ఊళ్లోనే జరిగేది. 1562 నుంచి 1792 వరకు పట్టాభిషేకాలూ ఇక్కడే ఎక్కువగా జరిగాయి. ఆ రోజున కిరీటం పెట్టుకున్న చక్రవర్తి కెథీడ్రల్ నుంచి రోమర్‌లో విందుకు నడిచే వచ్చేవాడు. ఫౌంటెన్‌లో ప్రజల కోసం వైన్ పారేది.

ఆ దారిలోనే ఇప్పుడు 'కొత్త పాత పట్నం' ఉంది. వెయ్యికి పైగా కొయ్య చట్రాల ఇళ్లతో కళకళలాడిన పాత ఊరు 1944 మార్చిలో బూడిదైంది. 1970లలో ఆ చోట పాలక సంస్థ కాంక్రీటు కార్యాలయం కట్టింది. ఊరివాళ్లకు అది ఎన్నడూ నచ్చలేదు. ఎన్నో ఏళ్ల వాదోపవాదాల తర్వాత దాన్ని పడగొట్టి, 2012 నుంచి 2018 వరకు 35 ఇళ్లు లేపారు. పాత ఫొటోలు, కొలతలు చూసి 15 ఇళ్లను ఒకప్పటి రూపానికే తెచ్చారు. మిగతా 20 పాత వరసలో ఒదిగే కొత్త ఇళ్లు. శిథిలాల నుంచి ఏరి దాచిన చెక్కడపు రాళ్లను కొన్ని గోడల్లో తిరిగి అమర్చారు. వీటిలో సొగసైనది 'బంగారు త్రాసు'. మొదట 1619 ప్రాంతంలో దీన్ని కట్టుకున్నవాడు, మతం కారణంగా నెదర్లాండ్స్ వదిలి వచ్చిన సుగంధద్రవ్యాల వ్యాపారి అబ్రహాం వాన్ హామెల్. పైకి చూస్తే కప్పు మీద చిన్న మండపం కనిపిస్తుంది.

దారి చివర ఎర్రరాతి కెథీడ్రల్. 95 మీటర్ల గోపురాన్ని 1415లో మొదలుపెట్టి, 1877లో గానీ పూర్తి చేయలేకపోయారు. చుట్టూ అంతా కాలిన ఆ రాత్రుల్లోనూ గోపురం నిలబడింది. మూడు వందలకు పైగా మెట్లెక్కితే, పొద్దున పైనుంచి చూసిన ఊరు ఈసారి చేతికందే దూరంలో కనిపిస్తుంది.

తిరిగి కట్టలేనిది

కెథీడ్రల్ నుంచి తూర్పుగా పది నిమిషాలు నడవాలి. దుకాణాలు పలచబడి, వాహనాల రొద మిగులుతుంది. అక్కడ పాత యూదు శ్మశానవాటిక గోడ. దాని పొడవునా అరచేతిలో ఇమిడేంత లోహపు దిమ్మెలు, పదకొండు వేలకు పైగా. ఒక్కో దిమ్మె మీద ఒక్కో పేరు, పుట్టిన తేదీ, తెలిస్తే చనిపోయిన చోటు. నాజీలు చంపిన ఈ ఊరి యూదులు వాళ్లు. 1929లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పుట్టిన ఆన్ ఫ్రాంక్ పేరూ అక్కడుంది. వచ్చినవాళ్లు దిమ్మెల మీద గులకరాళ్లు పెట్టి వెళ్తారు. అది యూదుల సంప్రదాయం.

గోడ పొడవునా ఆగకుండా నడిచినా చాలాసేపు పడుతుంది. పేర్లు చదువుతూ నడిస్తే మధ్యలోనే కాళ్లు ఆగిపోతాయి. ఇళ్లను కొలతలు చూసి తిరిగి కట్టుకున్న ఊరు, మనుషులను అలా తెచ్చుకోలేకపోయింది. పేరు రాసి పెట్టడం ఒక్కటే చేతనైంది, ఆ పని శ్రద్ధగా చేసింది.

అక్కడి నుంచి నది ఒడ్డుకు చేరితే, తూర్పున మెలితిరిగిన జంట గాజు టవర్లు మెరుస్తుంటాయి. 185 మీటర్ల ఎత్తున్న అది యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్. దాని పాదాల దగ్గరున్నది 1928లో మార్టిన్ ఎల్జేసర్ కట్టిన కూరగాయల టోకు మార్కెట్. 1941 నుంచి 1945 వరకు ఆ మార్కెట్ నేలమాళిగల్లో యూదులను గుమిగూడ్చి రైళ్లెక్కించారు. సుమారు పదివేల మంది. బ్యాంకు కట్టేటప్పుడు మార్కెట్‌ను కూల్చలేదు, తనలో కలుపుకుంది. ఆ చోట స్మారకం ఏర్పాటైంది.

వంతెన మీద సాయంత్రం

ఒడ్డు వెంట పడమరగా తిరిగి వస్తే, రోమర్‌బెర్గ్ కింది వైపున 'వెర్ట్‌హైమ్' ఇల్లు. 1600 ప్రాంతంలో కట్టిన కొయ్య చట్రాల ఇల్లు. పాత పట్నంలో బాంబుల నుంచి చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే. మంటల్లో చిక్కుకున్న జనం నది వైపు పారిపోయే దారి ఇదే కాబట్టి, అగ్నిమాపక దళం దీన్ని నీళ్లతో తడుపుతూ కాపాడింది.

ఆ ఇంటి పక్క నుంచే ఐజెర్నెర్ స్టేగ్, ఇనుప వంతెన. 1869లో పౌరులే పూనుకుని, పాదచారుల కోసం కట్టించుకున్నది. 1945లో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ దీన్ని పేల్చేసింది. మరుసటి ఏడాదే ఊరు మళ్లీ నిలబెట్టుకుంది. వంతెన పైభాగాన గ్రీకు అక్షరాల్లో హోమర్ 'ఒడిస్సీ' నుంచి ఒక పంక్తి. పరాయి భాష మాట్లాడే మనుషుల దగ్గరికి సముద్రం మీద సాగే ప్రయాణం గురించి చెప్పే పంక్తి అది.

అవతలి ఒడ్డున ష్టేడెల్ మ్యూజియం, ఆపిల్ వైన్ సత్రాల సాక్సెన్‌హౌజెన్ పేట ఉన్నాయి. ఓపిక ఉంటే అవన్నీ చూడొచ్చు. ముందు వంతెన మధ్యలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలి. పొద్దువాలే వెలుగులో గాజు టవర్లు, ఎర్ర గోపురం, నీళ్లతో తడిపి కాపాడుకున్న ఇల్లు ఒకే నదిలో నీడలు పడతాయి. కింద ఎక్కడో ఫ్రాంకులు మోకాలి లోతు నీళ్లలో తడబడుతూ దాటిన చోటు ఉంటుంది. రేపటి విమానానికి ఇంకా టైముంది. పొడి పాదాలతో అవతలి ఒడ్డుకు నడుస్తాం.