బొగ్గుగని బాలుర రాకెట్టులు

యంత్రవిద్య పుస్తకమున మొదలై పరీక్షలో ముగియుట మన పాఠశాలల కలవాటైపోయినది. సూత్రమును తప్పులేక వ్రాయు బాలునికి ఆకురాయి పట్టుట తెలియదు. ఆకురాయి పట్టు పనివానికి సూత్రము తెలియదు. ఈ రెండు విద్యలు నొక్కచోట కలిసిన నేమగునో తెలుపు వృత్తాంతము అమెరికాలో నొకటి జరిగినది. దానిని మా పాఠకుల దృష్టికి తెచ్చుచున్నాము.

1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారు స్పుత్నిక్కును అంతరిక్షమునకు పంపిరి. పశ్చిమ వర్జీనియాలోని కోల్‌వుడ్ అను బొగ్గుగనుల గ్రామమున, ఆకసమున సాగిపోవు ఆ చుక్కను జూచి, హోమర్ హికమ్ అను పదునాలుగేండ్ల బాలుడు తానును రాకెట్టు చేయ సంకల్పించెను. తొలి ప్రయత్నమునకు తల్లి గులాబితోట కంచె ప్రేలిపోయెను. మన యిండ్లలోనైన నాలుగు చీవాట్లతో ఆ కథ యంతటితో ముగిసియుండెడిది. అచ్చట నప్పుడే మొదలయ్యెను.

తారాజువ్వ యేల యెగురునో మన పిల్లలందరు నెరుగుదురు. మందు మండి పుట్టిన వాయువు క్రిందికి దూసికొనిపోవ, జువ్వ పైకి లేచును. కాని రాకెట్టు మూతి మొదట సన్నగిలి, పిదప వెడల్పు కావలయును. అప్పుడే వాయువు ధ్వనివేగమును మించి వెలువడును. ఎంత సన్నగిల్లవలెను, ఎంత వెడల్పు కావలెను అనుటకు గణితమే ప్రమాణము. బిగ్ క్రీక్ ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రము బోధించు ఫ్రీడా రైలీ అను ఉపాధ్యాయిని వారి చేతికి క్షిపణి నిర్మాణ గ్రంథమొకటి యిచ్చి, నేర్చుకొను భారమును వారిమీదనే యుంచెను. ఆ బాలురు కలనగణితమును పట్టుబట్టి యభ్యసించిరి. ఎత్తు కొలుచుటకు త్రికోణమితి నాశ్రయించిరి. మార్కులకై కాదు, రాకెట్టు లేవవలెనని!

గని కార్ఖానా పనివారు ఉక్కు గొట్టములు కోసి, మూతులు చెక్కి యిచ్చిరి. గనిచెత్త పోయు బీడు ప్రయోగస్థలమాయెను. తొలి రాకెట్టు కొద్ది అడుగులు మాత్రమే లేచి కూలినది. 1960లో తుదిది సుమారు 31 వేల అడుగుల కెక్కినది. ఆ యేటనే వారి పని జాతీయ విజ్ఞానప్రదర్శనమున స్వర్ణపతకము నందినది. హికమ్ 1981లో నాసాలో ఇంజనీరుగా చేరెను. ఆ ఉపాధ్యాయిని మాత్రము పిన్నవయసుననే 1969లో గతించెను.

ఆ బాలురు ఇంట కలిపిన మందు ప్రాణాపాయకరము. దాని ననుకరింపుడని మేము చెప్పము. అమెరికాలో 2003లో నారంభమైన పాఠశాల రాకెట్టు పోటీలో కర్మాగారమున చేసిన యింజనునే వాడవలెను. తక్కినదంతయు విద్యార్థుల పనియే. పచ్చి కోడిగ్రుడ్డును నిర్ణీతమైన యెత్తునకు పంపి, నిర్ణీతకాలమున పగులకుండ దింపవలయును. బరువు మించెనా, రెక్క వంకర పోయెనా, గొడుగు విచ్చుకొనదాయెనా, పగిలిన గ్రుడ్డే పరీక్షాధికారి. ఆ తీర్పునకు సిఫారసు లేదు. కంఠస్థము చేసిన జవాబు లేదు. ఏల పగిలినదో వెదకి, మరల చేసి, మరల పంపుటయే దారి.

శ్రీహరికోట మన తెలుగుగడ్డమీదనే యున్నది. 1971లో అచ్చటనుండి తొలి రాకెట్టు లేచినది. నెల్లూరిసీమ పిల్లలు మిద్దెలెక్కి ఆ నిప్పుకణమును చూచుచున్నారు. చూచి చప్పట్లు కొట్టుటకే వారిని పెంచుదుమా?

కోల్‌వుడ్ బాలురకు దొరకినవి సిరిసంపదలు కావు: ఒక బీడు, ఒక కార్ఖానా, నమ్మిన ఒక ఉపాధ్యాయిని. మన భూస్వాములకు బీళ్లు లేవా? మన పట్టణములలో లేత్‌యంత్రము త్రిప్పు నేర్పరులు లేరా? అధికారుల అనుమతితో, పెద్దల కనుసన్నలలో, ఉన్నతపాఠశాల బాలబాలికలకు వీనిని సమకూర్చుట దుస్సాధ్యము కాదు. దుర్లభమైనది వేరొకటి: తొలి రాకెట్టు కూలిననాడు నవ్వక, రెండవదానికి గొట్టము కోసి యిచ్చు మనస్సు. దానిని పెద్దలే యలవరచుకొనవలయును.