వాలు అక్షరములు – వనపర్తి పేరు

రేడియోవారికి అక్షరముల తీరుతో పనియేమని కొందరు మమ్ము అడుగుచుందురు. శ్రోతలు చెవితో విందురు. మేము ముందుగా కంటితో చదువవలయును గదా! ఒకనాడు రైతుల కార్యక్రమమునకు వచ్చిన ప్రతి పలుచని గీతలతో, కుడివైపునకు వాలిన సొగసైన అక్షరములలో నుండెను. మాలో ఒకరు "పంటల పోటీ"ని "వంటల పోటీ" యని చదివిరి. మరునాడు క్షమాపణ చెప్పుకొంటిమి. తప్పు చదివినవారిదే, అయినను అక్షరమునకును అందు కొంత పాలు కలదు.

వకారమునకు తలకట్టు ఒడలిని అంటియుండును. పకారమునకు నడుమ కొలదిపాటి ఎడము. భేదమంతయు అందే యున్నది. గీత పలుచనైనకొలది ఎడము స్పష్టమగునని తోచును. పెద్ద అక్షరములలో అది నిజమే. చిన్నవానిలో పలుచని గీత అచ్చటచ్చట తెగును. తెగిన వకారము పకారమగును, సిరా నిండిన పకారము వకారమగును.

వాలు అక్షరము మన సొత్తు కాదు. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ అను ముద్రాపకుడు, గ్రిఫో చెక్కిన వాలు అక్షరములతో వర్జిల్ కావ్యములను చిన్న పుస్తకముగా అచ్చొత్తెను. అది పండితుల చేవ్రాతకు అనుకరణమే గాని, నిలువు అక్షరమును ప్రక్కకు వంచినది కాదు. చాలకాలమునకు పిమ్మట గీతల కొసలనుండు చిన్న పాదములను తీసివేసి, కొసలను గుండ్రము చేసిన తీరును వచ్చినది. శుభలేఖకును, పత్రికలో శీర్షికకును అది ఒప్పును. గద్వాల చీర పేరు ఆ అక్షరములలో వ్రాసిన ముచ్చటగానే యుండును.

తెలుగునకు గుండ్రదనము పుట్టుకతోనే వచ్చినది. తీసివేయుటకు పాదములు లేవు. తలకట్టును తీసివేయరాదు, అది అలంకారము కాదు, అకారపు గుర్తు.

వాలు తీరును పరీక్షించుటకు మాకు మూడు పేర్లు చాలును. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలకు కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అవి. యంత్రము అక్షరమును వంచునపుడు పైనున్నది కుడికి, క్రిందనున్నది ఎడమకు జరుగును. గద్వాలలో దకారము క్రింది వవత్తు గకారమువైపు ఒదుగును. నాగర్‌కర్నూలులో పొల్లు పోయి కకారపు తలకట్టును తాకజూచును. వనపర్తి కష్టము అన్నిటికన్న పెద్దది. వకారము, పకారము, గుడి, వత్తు నాలుగును ఆ చిన్న పేరిటనే యున్నవి. పేరు విషయమున సందర్భము చూచి సరిదిద్దుకొనుటకును వీలులేదు.

1926లో గోలకొండ పత్రికను నెలకొల్పి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరిట ఒక కంప్యూటరు అక్షరరూపము కలదు. సిలికానాంధ్ర దానిని ఉచితముగా అందించినది. దానికి ప్రత్యేకముగా గీచిన వాలురూపము లేదు. వాలుమీట నొక్కినచో యంత్రమే వంచి చూపును. చేతితో గీచువాడైనచో వత్తును తిరిగి తన అక్షరము క్రిందికి జరుపును, పకారపు ఎడమును పెంచును, వాలును తగ్గించును. ఇది నెలల పని. అట్టి పని జరుగువరకు వాలు అక్షరమును శీర్షికలోని ఒకటి రెండు మాటలకే వాడుట మేలని మా అభిప్రాయము. బస్సు బోర్డునకు, మందుచీటీకి, చదివి వినిపింపవలసిన ప్రతికి అది తగదు.

ఇప్పుడు మాకు ప్రతులు నిలువు అక్షరములలో, 16 పాయింట్ల పరిమాణమున వచ్చుచున్నవి. "పంట" కనబడినచోట మాత్రము మావారు ఇంకను ఒక్క క్షణము ఆగుచున్నారు.