పెద్దవాళ్ళు ఇల్లు మారే వేళ

మన సంస్థకు వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమంది మందుల కోసమో, రేషన్ కోసమో వస్తారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది: ఉన్న ఇంట్లో ఉండలేకపోతున్నారు, వేరే చోటికి వెళ్ళే స్తోమత లేదు. వయసు మళ్ళాక ఇల్లు మారడం వెనుక ఏముంటుందో దాతలకు తెలిస్తే, సాయం ఎప్పుడు చేయాలో కూడా తెలుస్తుంది.

1987లో అమెరికా పరిశోధకులు యూజీన్ లిట్వాక్, చార్లెస్ లాంగినో ఈ మార్పులను మూడు దశలుగా చెప్పారు. మొదటిది, రిటైరయ్యాక ఓపిక ఉండగానే నచ్చిన చోటికి వెళ్ళడం. రెండోది, సొంత పనులు చేసుకోవడం కష్టమై పిల్లల దగ్గరికి చేరడం. మూడోది, ఇంట్లోవాళ్ళ వల్ల కానంత సేవ అవసరమై సంరక్షణ కేంద్రానికి వెళ్ళడం.

మొదటి మార్పుకు డబ్బు కావాలి. అందుకే మన పేద కుటుంబాల్లో కథ నేరుగా రెండో దశ నుంచే మొదలవుతుంది.

మేడమీద గదిలో అద్దెకుండే ఒక వృద్ధ దంపతులను ఊహించుకోండి. మరుగుదొడ్డి కింద ఉంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రాత్రిపూట మెట్లు దిగాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం తగ్గించేస్తుంది. అదే వీధిలో కింది వాటా ఖాళీగా ఉన్నా, అడ్వాన్సు కట్టే శక్తి లేదు. ఒకరోజు మెట్ల మీద జారి తుంటి ఎముక విరుగుతుంది. ఆసుపత్రి నుంచి నేరుగా వేరే ఊళ్ళో కూతురి ఇంటికి. అడ్వాన్సుకు సరిపోని డబ్బుకు ఎన్నో రెట్లు అప్పు. నలభై ఏళ్ళు కలిసి బతికిన ఇరుగుపొరుగుకు ఖుదాహాఫిజ్ చెప్పే వీలు కూడా ఉండదు.

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవారికి కేంద్ర పథకం కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతోంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పుడే. ఇంటికి వచ్చాక మంచం పక్కన ఉండే మనిషి ఖర్చు, కింది వాటా అద్దె అందులో రావు.

సొంత ఇల్లున్నవారి చిక్కు వేరు. ఇంటి విలువ లక్షల్లో, చేతిలో పింఛను మాత్రమే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు రమ్మన్నా వీసా, వైద్యం ఖర్చులు అడ్డం. ఈ స్థితిలో కొందరు ఇల్లు పిల్లల పేర రాసేసి వాళ్ళ దగ్గరికి చేరతారు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇస్తే, ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. కాబట్టి షరతును నోటిమాటగా వదలక, వకీలు చేత దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవాలి. అడగడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు. మన వాలంటీర్లే ముందుగా చెప్పాలి.

ఇక దాతలు చేయగలిగినవి. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, జారని నేల, వెస్టర్న్ కమోడ్, కింది వాటాకు అడ్వాన్సు. పిల్లల దగ్గరికి వెళ్ళక తప్పనివారికి ఆధార్, పింఛను, రేషన్ కాగితాల చిరునామా మార్పులో తోడు. ఎవరూ లేనివారికి జాతీయ వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు.

పడిపోయాక చేసే సాయం అవసరమే, దాన్ని ఆపలేం. కానీ పడకముందు అందిన సాయం వల్ల, ఉండాలో వెళ్ళాలో ఆ పెద్దవాళ్ళే తేల్చుకుంటారు. ఈసారి మీ వీధిలో మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయిన అమ్మీజాన్ కనిపిస్తే, ఒక్కసారి పలకరించండి. ఇల్లు ఎలా ఉందో అడగండి.