కమలా తొక్కలు పారవేస్తున్నారా?

కమలాపండు తినగానే తొక్కల్ని చెత్తబుట్టలో వేస్తున్నారా? ఆగండి! పండుపై పురుగుమందులు, మైనం పూత ఉండవచ్చు కనుక ఒలవక ముందే గోరువెచ్చని నీటిలో బాగా రుద్ది కడగండి. తొక్కల్ని సన్నగా తరిగి, పలుచని గుడ్డ కప్పి, నాలుగైదు రోజులు ఎండబెట్టండి. వంచితే పుటుక్కున విరగాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. బూజు పట్టినవి వాడరాదు. మెత్తగా దంచి, జల్లించి, గాజుసీసాలో దాచుకోండి.

నాలుగు చెంచాల పెసరపిండికి ఒక చెంచా ఈ పొడి కలిపితే చక్కని నలుగుపిండి. ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడండి. మర్నాటికి దురద, ఎర్రదనం కనిపిస్తే మానివేయండి.

పచ్చి నిమ్మతొక్కను మాత్రం ముఖానికి రుద్దుకుని ఎండలోకి వెళ్ళకండి. చర్మం కమిలి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడవచ్చు.