మీకు తెలుసా? ఎఫ్ఎం అంకెల్లో ఆదిమ తరంగాలు

విశ్వం తొలి క్షణంలో ఒక్కసారిగా ఉబ్బిన దశను ఇన్‌ఫ్లేషన్ అంటారు. అది ముగిసిన వెంటనే గురుత్వ తరంగాలు పుట్టి ఉంటే, వాటిలో కొన్ని ఇప్పుడు మన ఎఫ్ఎం స్టేషన్ల అంకెల్లోనే, 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండొచ్చని లెక్కలు చెబుతున్నాయి. రేడియో తిప్పితే మాత్రం వినిపించవు. ఇవి విద్యుదయస్కాంత తరంగాలు కావు, స్థలకాలమే సాగి ముడుచుకోవడం.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో అనే పరికరం తొలిసారి పట్టుకున్న గురుత్వ తరంగం సుమారు 35 నుంచి 250 హెర్ట్జ్ మధ్యది. 4 కిలోమీటర్ల చేతులున్న ఆ పరికరానికి మెగాహెర్ట్జ్ అందదు. ఇక్కడ చిన్న పరికరమే మేలు, ఎందుకంటే 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లే! అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే పరిశోధనశాలలో 40 మీటర్ల చేతులున్న హోలోమీటర్ అనే పరికరంతో 1 నుంచి 13 మెగాహెర్ట్జ్ దాకా గాలించారు. ఏమీ దొరకలేదు.

అయినా ఈ వేటకు ఓ ఆకర్షణ ఉంది. మనకు తెలిసిన న్యూట్రాన్ తారలు గానీ, నక్షత్రాలు కూలి ఏర్పడిన కృష్ణబిలాలు గానీ ఇంత ఎక్కువ మెగాహెర్ట్జ్‌ల తరంగాలు పుట్టించలేవు. అంచేత అక్కడ ఏ చిన్న సంకేతం నిజమని తేలినా, అది విశ్వం శైశవానిదో, ఇప్పటిదాకా ఎవరూ ఎరగని భౌతికశాస్త్రానిదో అయి ఉండాలి.